మల్లేశం అడిగింది అది కాదు

"ఆ రోజు వాళ్లకు నువ్వేం చెప్పావు?" అని వాడు అడిగాడు.

"తిన్నావా?" అని నేను అడిగాను.

మా మరిదికీ నాకూ మధ్య జరిగిన ఆఖరి మాటలు ఇవే. నోటితో జరిగినవి కావు. వాడికి పుట్టుకతోనే వినబడదు, మాట రాదు. చేతులతో అడిగాడు, చేతులతోనే నేనూ అన్నాను. ఆ తర్వాత వాడు రెండు చేతులూ బల్ల కిందికి తీసుకున్నాడు. చేతులే నోరైనవాడు చేతులు దాచుకున్నాడంటే నోరు మూసుకున్నట్టే. నా ముందు మళ్లీ తెరవలేదు.

మా ఇంట్లో అందరమూ బరువులు మోసి బతికినవాళ్లమే. ఎంత పెద్ద మూటయినా దారిలో ఒక అరుగు కనబడుతుంది, దించుకుంటాం, నడుము సవరించుకుని మళ్లీ ఎత్తుకుంటాం. దీన్ని దించడానికి మాత్రం ఇన్నేళ్లూ నాకు అరుగు కనబడలేదు. మా ఆయన ఉండగా ఆయన ముఖం చూసి దించలేదు. ఆయన పోయి ఏడాది తిరిగింది. ఇప్పుడు ఎవరి ముఖం చూడాలి?

మీరెవరో నాకు తెలియదు. ఈ పత్రికలో ఆడవాళ్లు పేరు చెప్పకుండా మనసులో మాట రాస్తారని మా సునీత చదివి వినిపిస్తూ ఉంటుంది. సునీత మా ఆడబిడ్డ కూతురు. ఇది రాస్తున్నదీ ఆ పిల్లే. నాకు సంతకం వరకే వచ్చు, అది కూడా ముగ్గు వేసినట్టు వేస్తాను. నేను చెబుతాను, అది రాస్తుంది. నా పేరు వద్దన్నాను. మా ఆయన పేరూ వద్దన్నాను. మరిది పేరు మాత్రం రాయమన్నాను. మల్లేశం. రెజిమెంటల్ బజార్‌లో మేముండే గల్లీలో ఒక్కరూ ఆ పేరుతో పిలవలేదు. మూగోడా అనేవాళ్లు. వాడికెలాగూ వినబడదు కదా అని. వినబడకపోతే మాత్రం, పేరు లేకుండా పోతుందా?

రాయి తల్లీ, ఆగకు.

నేను కాపురానికి వచ్చేసరికి వాడు ఇంకా నిక్కర్లు వేసుకుంటున్నాడు. అత్తగారు మంచాన పడి ఉంది. మా ఆయన పొద్దున పోతే చీకటి పడ్డాక వచ్చేవాడు. ఆ ఇంట్లో కొత్త కోడలితో ముందుగా మాట్లాడింది మూగవాడే. బియ్యం డబ్బా చూపించాడు, నీళ్లు ఎప్పుడు వస్తాయో సూర్యుణ్ణి చూపించి చెప్పాడు. నేను తలాడించాను. నా తలాట అబద్ధమని పట్టేసి, నా చెయ్యి పట్టుకుని మళ్లీ మొదటి నుంచి చెప్పాడు. అలా నేర్చుకున్నాను. బడి ముఖం చూడని నాకు వచ్చిన ఒకే ఒక్క చదువు అది. వాడే నేర్పాడు.

వాడు ఏ బడికీ పోలేదు. కాబట్టి వాడి చేతుల భాష లోకంలో ఇంకెక్కడా లేదు. మా ఇంట్లో పుట్టింది, మా ఇంట్లోనే ఉంది. నన్ను పిలవాలంటే ముక్కు పక్కన వేలు తిప్పేవాడు, నా ముక్కుపుడక. మా ఆయనకు చిన్నప్పుడు తగిలిన దెబ్బకు కనుబొమ్మ మీద గాటు ఉండేది. వేలితో కనుబొమ్మ మీద గీశాడంటే అన్న. పోలీసు అంటే అరచేతి మీద లాఠీ దెబ్బ. ఇంటి ఓనరమ్మ అంటే రెండు బుగ్గలూ పూరీల్లా ఉబ్బించడం. ఒకసారి ఆవిడ ఎదురుగా నిలబడి ఉండగానే, నీకోసం ఎవరొచ్చారో చూడు అని నాకు బుగ్గలు ఉబ్బించి చూపించాడు.

"ఏందమ్మా, మీ పోరనికి పన్ను నొస్తుందా? లవంగం పెట్టు జెర," అని ఆవిడ పైకి పోయి లవంగాలు తెచ్చి ఇచ్చింది. వాడు బుద్ధిగా బుగ్గన పెట్టుకున్నాడు. ఆ రోజంతా ఇద్దరం నవ్వుతూనే ఉన్నాం.

ఒట్టు అనాలంటే తన తల మీద తన అరచెయ్యి పెట్టుకునేవాడు. నువ్వు ఒట్టెయ్యి అనాలంటే ఆ చెయ్యే ఎదుటివాళ్ల తల వైపు చూపేవాడు. ఇది గుర్తుంచుకోండి.

పెద్దయ్యాక అన్నతో పాటే పనిలోకి వెళ్లాడు. మా ఆయనది ట్రాలీ ఆటో. ఆయన నడిపేవాడు, మల్లేశం సామాను ఎక్కించి దించేవాడు. అప్పుడే ఊరంతా కంప్యూటర్ల పిచ్చి షురూ అయింది. పద్మారావు నగర్‌లో కొత్త బిల్డింగు లేచిందంటే దాని మీద కంప్యూటర్ కోర్సు బోర్డు ఉండాల్సిందే. ఆ డబ్బాలు గోడౌన్ల నుంచి మా బండి మీద పోయేవి. మల్లేశం వాటిని పసిపిల్లల్ని దించినట్టు దించేవాడు. లోపల ఏముందో వాడికీ తెలియదు, నాకూ తెలియదు. ఒక్కో డబ్బా ఎంత పలుకుతుందో మాత్రం మా ఆయనకు తెలిసింది. తెలియకుండా ఉంటే బాగుండేది.

ఆ సంవత్సరం లష్కర్ బోనాల పూట, బజారంతా మూసేసి జనమంతా అమ్మవారి గుడి వైపు పోయినప్పుడు, మా ఆయన మల్లేశాన్ని రమ్మన్నాడు. లోడు ఉందని చూపించాడు, దొంగ లోడని చెప్పలేదు. వాడికి ఆ రోజు పని మీద మనసు లేదు. డప్పులంటే ప్రాణం వాడికి. వినబడకపోయినా డప్పు మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకునేవాడు. గుండెలో మోగుతుందని చూపించేవాడు. అయినా అన్న రమ్మంటే వెళ్లాడు.

నేను అక్కడ లేను. మా ఆయన చెప్పింది, మల్లేశం చెప్పింది రెండూ కలిపితే జరిగింది ఇది. గోడౌన్ వాచ్‌మన్ కూడా గుడికి పోయి ఉంటాడని మా ఆయన అనుకున్నాడు. పెద్దాయన పోలేదు. మల్లేశం బండి దగ్గర డబ్బాల మీద తాడు బిగిస్తున్నాడు, వీపు గోడౌన్ మెట్ల వైపు. వెనక గలాటా అయితే వాడికేం తెలుస్తుంది? తాడు ముడి వేసి తిరిగేసరికి, మెట్ల మీద అన్న ఆ పెద్దాయన్ని తొయ్యడం, ఆయన కింద పడటం కనబడింది. మా ఆయన బండి వదిలి పరుగెత్తాడు. మల్లేశం పరుగెత్తలేదు. భుజం మీది తువ్వాలు తీసి, పెద్దాయన తలకు కట్టు కడుతూ కూర్చున్నాడు. జనం వచ్చి చూసేసరికి వాడి చేతుల నిండా నెత్తురు.

మా ఆయన వెనక గల్లీ నుంచి ఇంటికొచ్చాడు. గడప లోపల కూలబడ్డాడు.

"ఏమైంది?" అన్నాను.

"వాచ్‌మన్ పడ్డడు. నేనే తోసిన. కావాలని తొయ్యలే, చెయ్యి పట్టుకుంటే ఇడిపిచ్చుకున్న."

"మల్లేశం ఏడి?"

"ఆడ్నే ఉన్నడు. గుంజిన, రాలె. ఆయన నెత్తికి కట్టు కడ్తుండు."

పిల్లలిద్దరూ చిన్నవాళ్లు. వాళ్ల అమ్మమ్మతో కలిసి బోనం చూడటానికి పోయారు.

"ఆనికి పెండ్లామా, పిల్లలా?" అన్నాడు మా ఆయన నా వైపు చూడకుండా. "లోపల తిండి పెడ్తరు. మూగోడని జల్దీ ఇడిచిపెడ్తరు. నన్ను పట్టుకపోతే నువ్వు ఈ పోరగాండ్లను ఏసుకొని యాడ పడ్తవ్?"

"నన్నేం జెయ్యమంటవ్?"

"ఏం జెయ్యకు. ఆడేమంటుండో నీకు దప్ప ఎవ్వరికి సమజ్ కాదు. గంతే."

గంతే. మా ఆయన నన్ను అబద్ధం చెప్పమనలేదు, తల్లీ. ఇది మాత్రం సరిగా రాయి. ఆయన ఆ ఒక్క మాట అని ఊరుకున్నాడు. మిగిలినదంతా నేనే చేశాను.

మరునాడు కానిస్టేబుల్ వచ్చి నన్ను స్టేషన్‌కు తీసుకుపోయాడు. మల్లేశం గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. పెదవి చిట్లి ఉంది. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. వాడి ముఖంలో వచ్చిన వెలుగు ఇప్పటికీ నన్ను పడుకోనివ్వదు. వదిన వచ్చింది, ఇక మాట వచ్చింది అన్నట్టు చూశాడు.

"రాత్రి నుంచి చేతులు తిప్పుడే తిప్పుడు. మాకేం సమజ్ అయితలేదు," అన్నాడు ఎస్సై. "ఏమంటుండో ఉన్నది ఉన్నట్టు చెప్పు."

మల్లేశం చెప్పాడు. తొందరపడకుండా చెప్పాడు. డబ్బాలు, తాడు, ముడి. తిరిగి చూడటం. కనుబొమ్మ మీద గీత. తొయ్యడం. మెట్లు. తువ్వాలు. మళ్లీ కనుబొమ్మ మీద గీత, పరుగెత్తడం. ఆఖరున తల మీద అరచెయ్యి పెట్టుకున్నాడు.

"తోసిండంట సార్," అన్నాను.

"ఎవలు?"

"ఈడే."

కనుబొమ్మ మీద వేలితో గీసిన గీత ఎంతుంటుంది? నేను దాచింది ఆ గీతే. మిగిలినదంతా వాడు చెప్పినట్టే చెప్పాను. తాడు చెప్పాను, మెట్లు చెప్పాను, తువ్వాలు కూడా చెప్పాను. బండి అన్నకు చెప్పకుండా తెచ్చాడని మాత్రం నా సొంతంగా కలిపాను. బండి నడపడం వాడికి వచ్చని గల్లీ అందరికీ తెలుసు. నమ్మారు. నేను మాట్లాడుతున్నంతసేపూ వాడు నా పెదవులను చూస్తూ తలాడించాడు. అవును అవును, వదిన చెప్పేదే నిజం అన్నట్టు తలాడించాడు. దాన్ని కూడా రాసుకున్నారు. వేలిముద్ర వేయించుకున్నారు. అయిపోయిందా, ఇంటికి పోదామా అని నన్ను అడిగాడు.

కొద్దిరోజులకు వాచ్‌మన్ పెద్దాసుపత్రిలో పోయాడు. కేసు బరువైంది. ఆయనకూ ఇల్లుంది, ఆయన కోసం ఏడ్చినవాళ్లున్నారు. మన మనిషిని చంపినవాడికి శిక్ష పడిందని అనుకుని వాళ్లు ఇంటికి పోయి ఉంటారు. వాళ్లకు కూడా నేను బాకీనే.

కోర్టులో మళ్లీ నన్నే నిలబెట్టారు. బయటివాళ్లు ఎందుకు, సొంత వదినే కదా, వాడి మంచి కోరేదే కదా అన్నారు. దేవుడి మీద ప్రమాణం చేయించారు. ఒకసారి చెప్పిన మాట రెండోసారి చెప్పడం కష్టం కాదని ఆ రోజు తెలిసింది. ఏళ్లకేళ్లు శిక్ష పడింది.

సునీత కలం పక్కన పెట్టింది. లేచి నీళ్లు తాగి వచ్చింది. మల్లేశం దీన్ని భుజాల మీద ఎక్కించుకుని తిప్పేవాడు. వాడి చేతుల్లో దీని పేరు బుగ్గ మీద వేలితో చిన్న గుంట. ఇన్నేళ్లూ మా మామ చంపాడనే అనుకుంటూ పెరిగింది. సరే. రాయి.

జైలు గురించి చెప్పాలి. లోపల అంతా చెవుల మీద నడుస్తుంది. నాకు అప్పటిదాకా తెలియదు. గంట కొడితే లేవాలి, గంట కొడితే వరసలో నిలబడాలి, పేరు పిలిస్తే పలకాలి, గంట కొడితే తిండికి పోవాలి. మల్లేశం తన పేరు పుట్టి ఒక్కసారీ విన్నవాడు కాదు. పిలిస్తే పలకలేదని కొట్టారు. తల తిప్పి ఉన్నప్పుడు గంట కొడితే తిండి పోయింది. వాడు నిద్ర మానుకుని పక్కవాళ్ల కాళ్లు చూస్తూ పడుకునేవాడట, వాళ్లు లేస్తే లేవొచ్చని.

ములాఖత్‌కు పోయేదాన్ని. మీరెప్పుడూ చూసి ఉండరు, చూడకూడదనే కోరుకుంటాను. ఇటొక ఇనుపజాలి, అటొక ఇనుపజాలి, మధ్యలో మనిషి పట్టేంత ఖాళీ. ఇటు వరసగా మనుషులు, అటు వరసగా ఖైదీలు, అందరూ గొంతులు చించుకుని అరుస్తుంటారు. అటు వైపు చీకటి. అరవగలిగినవాళ్లకు ఆ చీకటితో పని లేదు. మల్లేశం చేతులు నాకు కనబడేవి కావు. ఏదో చెబుతున్నాడని నీడ కదిలితే తెలిసేది. జాలి కన్నాల్లోంచి వేళ్లు బయటికి పెట్టి ఆడించేవాడు. వేళ్ల కొసలు మాత్రమే వచ్చేవి. వేళ్ల కొసలతో ఏం మాటలొస్తాయి?

ఇక్కడ నేను దాచుకున్న దాంట్లో దాచుకున్నది ఒకటి ఉంది. ఆ చీకటి నాకు హాయిగా ఉండేది. ఆ రెండు జాలీలు నాకు మేలు చేసేవి. వాడు అడగలేడు, నేను చెప్పనక్కర లేదు. అరటిపళ్లు, బన్నులు ఇచ్చి, కళ్లు తుడుచుకుని, మరిదిని మరవని వదిననే అనిపించుకుని బస్సెక్కేదాన్ని. అందరూ పాపం అనేవాళ్లు.

అప్పుడు వకీలమ్మ వచ్చింది. ఖైదీల కష్టాలు చూడటానికి జైలుకు వస్తుండేదట. ఒకడు తను వచ్చినప్పుడల్లా ముందుకొచ్చి చేతులు తిప్పి తిప్పి, తల మీద చెయ్యి పెట్టుకుని పోతున్నాడని గమనించింది. మా గల్లీ వెతుక్కుంటూ వచ్చింది. మా గడప మీదే కూర్చుంది, లోపల కుర్చీ లేదంటే.

"ఆయనకు వినబడదని అందరికీ తెలుసు. తెలిసీ గంటకు లేవలేదని కొట్టుడేందమ్మా?" అంది. "కోర్టు శిక్ష ఏసింది లోపల ఉండమని. చెవులు లేనందుకు వేరే శిక్ష ఎవరూ వెయ్యలే. ఆయన తక్లీఫ్ ఆయనే చెప్పుకునే హక్కు ఉంది. దానికి తగ్గ ఏర్పాటు జైలోళ్లు చెయ్యాలె."

నేను టీ పెట్టే నెపం మీద లోపలికి పోయాను. స్టవ్ ముందు నిలబడి, ఈవిడ మళ్లీ రాకుండా ఉంటే బాగుండు అనుకున్నాను. అనుకున్నాను కాబట్టి చెబుతున్నాను.

వకీలమ్మ ముందు చెవిటిపిల్లల బడి నుంచి ఒక సారును తీసుకుపోయింది. ఆ సారు చేతులు బడి చేతులు, మల్లేశం చేతులు మా ఇంటి చేతులు. ఇద్దరూ చాలాసేపు ప్రయత్నం చేశారట. ఆఖరికి మల్లేశం ముక్కు పక్కన వేలు తిప్పి తిప్పి చూపించాడట. ముక్కులో ఏదో ఉందేమో, డాక్టరుకు చూపించండి అన్నాడట ఆ సారు. వకీలమ్మ వచ్చి ఇది చెబుతుంటే నవ్వొచ్చింది, నవ్వు సగంలోనే చచ్చింది. వాడు నన్ను పిలిచాడు.

ఆవిడ తిరిగి తిరిగి కాగితం తెచ్చింది. జాలి వద్దు. వెలుతురున్న గది, మధ్యలో బల్ల, ఎదురెదురుగా కూర్చోవడం. వాడి మాట తెలిసిన మనిషి పక్కన ఉండటం. ఆ మనిషిని నేనే.

ట్యూబ్‌లైటు వెలుగుతోంది. కిటికీ కూడా ఉంది. జైలరు ఒక పక్క, వకీలమ్మ ఒక పక్క. మల్లేశాన్ని తీసుకొచ్చి నా ఎదురుగా కూర్చోబెట్టారు. వాడి జుట్టులో తెల్లవెంట్రుకలు నేను అప్పుడే చూశాను. వాడు ముందు తన చేతుల్ని తనే చూసుకున్నాడు, ఇవి కనబడుతున్నాయా అన్నట్టు. తర్వాత నన్ను చూసి నవ్వాడు. పిల్లలు ఎంత ఎత్తయ్యారని అరచెయ్యి గాలిలో పైకి పైకి లేపాడు. ఓనరమ్మ బతికే ఉందా అని బుగ్గలు ఉబ్బించాడు.

తర్వాత కష్టాలు చెప్పాడు. గంట. దెబ్బలు. పోయిన తిండి. నిద్ర లేని రాత్రులు. అన్నీ నేను ఉన్నవి ఉన్నట్టు చెప్పాను. జైలరు ముఖం మాడిపోతున్నా ఆపలేదు. ఒక్క వేలు కూడా వదలకుండా చెప్పాను. వకీలమ్మ గబగబా రాసుకుంది. ఎంత బాగా చెప్పగలను నేను! చెప్పాలనుకుంటే ఎంత బాగా చెప్పగలనో ఆ రోజు నాకే తెలిసింది.

అప్పుడు వాడు ఆగాడు. చేతులు బల్ల మీద పెట్టి కాసేపు నన్ను చూశాడు. అరచేతి మీద లాఠీ దెబ్బ. నా నోటి వైపు వేలు. పెదవులు ఆడించడం. అరచెయ్యి పైకి తెరవడం. ఆ రోజు పోలీసులకు నువ్వేం చెప్పావు? వాడు దాన్ని కోపంతో అడగలేదు. ఏదో లెక్క తప్పింది, ఎక్కడ తప్పిందో నీకు తెలిసి ఉంటుంది అన్నట్టు అడిగాడు. తన తల మీద చెయ్యి పెట్టుకుని, ఆ చేతినే నా తల వైపు చూపించాడు.

"ఏమడుగుతున్నాడమ్మా?" అంది వకీలమ్మ.

నేను వేళ్లు ముడిచి నోటి దగ్గర పెట్టుకుని, తిన్నావా అని వాడికి చూపించాను. వకీలమ్మ వైపు తిరిగి, "తిన్నవా అని అడుగుతుండు మేడం," అన్నాను.

"అయ్యో, ఇంత తక్లీఫ్‌లో ఉండి మీరు తిన్నారా అని అడుగుతున్నాడా!" అంది ఆవిడ. కళ్లలో నీళ్లు తిరిగాయి ఆవిడకు.

మల్లేశం ఆవిడ కళ్లు చూశాడు. నా పెదవులు చూశాడు. చేతులు తీసి బల్ల కింద పెట్టుకున్నాడు.

ఎందుకు? ఇన్నేళ్లుగా అదే అడుక్కుంటున్నాను. స్టేషన్‌లో పిల్లల కోసం అన్నాను, సరే. కోర్టులో భయం అన్నాను, సరే. ఆ బల్ల దగ్గర ఏముంది? వకీలమ్మ మంచిది. మొత్తం చెప్పి కాళ్లు పట్టుకుంటే ఏదో దారి చూపించి ఉండేదేమో. మా ఆయన పక్కన లేడు. ఎవరూ నన్ను బెదిరించలేదు. వాడు అడిగినదానికి తలదించుకుని, తప్పయింది అని గుండె మీద కొట్టుకున్నా వాడికి చాలి ఉండేది, వకీలమ్మకు అర్థమయ్యేది కూడా కాదు. అది కూడా చెయ్యలేదు. జైలు వాడికి వెలుతురు ఇచ్చింది, బల్ల ఇచ్చింది. ఆ వెలుతురులో నేను చేసింది ఇది. జాలి తీసేసినచోట నేను జాలినయ్యాను.

వాడి కష్టాలు తీరాయి, అది కూడా చెప్పాలి. గంట కొట్టినప్పుడు పక్క ఖైదీ భుజం తట్టి లేపాలని ఏర్పాటయింది. పేరు పిలిచినప్పుడు వాడి ముందుకొచ్చి వేలు చూపించాలని చెప్పారు. తిండి పోలేదు, దెబ్బలు పోయాయి. మీ వల్లే అయింది అని వకీలమ్మ నా చేతులు పట్టుకుంది. నా చేతులు.

ఆ తర్వాత ఎన్నిసార్లు పోయినా మల్లేశం నా ములాఖత్‌కు రాలేదు. రానంటున్నాడా అని అడిగితే, అనడం లేదమ్మా, అసలేం అనడం లేదు, చేతులు చంకల్లో పెట్టుకుని గోడ వైపు తిరుగుతున్నాడు అన్నారు. వకీలమ్మ పోయినా అంతే. పక్క ఖైదీతో కూడా అంతేనట. ఒక్కరికి కాదు, లోకం మొత్తానికే మూసేసుకున్నాడు.

మరుసటి ఎండాకాలం వకీలమ్మ మనిషిని పంపింది. మల్లేశానికి జబ్బు చేసింది, జైలు ఆసుపత్రిలో ఉన్నాడు, ఎక్కడ నొప్పో ఎవరికీ చెప్పడం లేదు, నువ్వు వస్తే చెబుతాడేమో అని. చేతి పిండి కడుక్కోకుండా పరుగెత్తాను. గేటు దగ్గరే చెప్పేశారు. పొట్టలో ఏదో పగిలిందట. ముందే తెలిస్తే కోసి బతికించేవాళ్లమన్నాడు డాక్టరు.

"అడిగినమమ్మా. మస్తు సార్లు అడిగినం. ఈడనా, ఆడనా అని ముట్టి ముట్టి చూపిచ్చినం. చెయ్యి లేపలే," అన్నాడు అక్కడి ముసలి వార్డరు. "గట్లెందుకు జేసిండో!"

నాకు తెలుసు. చెప్పలేదు.

ఇంటికి తెచ్చాక పెద్దవాళ్లు స్నానం చేయించి, ఆనవాయితీ ప్రకారం కాలి బొటనవేళ్లు కలిపి కట్టారు, చేతి బొటనవేళ్లు కలిపి కట్టారు. అందరికీ కడతారు. మా అత్తగారికీ కట్టారు. చూస్తూ కూర్చున్నదాన్ని ఒక్కసారిగా లేచి, ఆ చేతుల దారం పళ్లతో కొరికి తెంపేశాను. అరిచారు. అపచారం అన్నారు. ఆడదానికి పిచ్చి పట్టింది అన్నారు. మా ఆయన ఒక్కడే ఏమీ అనలేదు. ఆయన నా వైపు చూశాడు, నేను ఆయన వైపు చూశాను. ఆ బోనాల రోజు తర్వాత ఆ విషయం మేమిద్దరం మాట్లాడుకున్నది అదొక్కటే, అది కూడా మాటల్లేకుండా. తర్వాత బతికినన్నాళ్లూ ఆయన తాగాడు, నేను వండాను. బోనాలకు డప్పు మోగితే ఇద్దరం తలుపు వేసుకునేవాళ్లం.

ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, నేను మల్కాజ్‌గిరిలో కూతురి దగ్గర ఉంటున్నాను. మొన్న లోకల్ రైల్లో సికింద్రాబాద్ వస్తుంటే ఎదురు సీట్లో ఇద్దరు ఆడపిల్లలు చేతులతో మాట్లాడుకుంటున్నారు. మెడలో కంపెనీ కార్డులు వేలాడుతున్నాయి. ఎంత నవ్వుకుంటున్నారో! వాళ్లది బడి చేతులే, నాకేమీ తెలియలేదు. ఒక పిల్ల నేను చూడటం చూసి, ఏంటమ్మా అన్నట్టు అరచెయ్యి తెరిచింది. అదే చెయ్యి. పైకి తెరిచిన అదే అరచెయ్యి. నా చేతులు వాటంతట అవే లేచాయి. కనుబొమ్మ మీద గీత గీశాను. తొయ్యడం చూపించాను. మెట్లు. అన్న, అన్న తోశాడు. ఆ పిల్లలకు ఏమీ తెలియలేదు. మర్యాదగా తలాడించారు. స్టేషన్ వచ్చింది, దిగిపోయారు. నేను కదిలిన రైల్లో తల మీద చెయ్యి పెట్టుకుని కూర్చుని ఉన్నాను.

అంటే, చెప్పేశాను. చెప్పాల్సిన చోట కాదు, చెప్పాల్సినవాడికి కాదు. అయినా ఆ పూట అన్నం గొంతు దిగింది. అందుకే ఇంకోసారి, తెలిసే చోట చెబుతున్నాను. వకీలమ్మ ఎక్కడుందో తెలియదు. ఇది ఆవిడ కంట పడితే, అమ్మా, మల్లేశం అడిగింది అది కాదు. మీరు మంచి ఏర్పాటు చేశారు. చెడిపోయింది నా దగ్గర. ఇంకెవరికైనా ఇలాంటి బల్ల వేయిస్తే, మాట చెప్పడానికి ఇంటి మనిషిని ఒక్కరినే నమ్మకండి.

క్షమించమని అడగను. అడగాల్సినవాడు వినలేడు, చూడలేడు. మీరు క్షమించినా అది నాకు అందదు. మల్లేశం ఎవర్నీ తొయ్యలేదు. పడ్డవాడికి కట్టు కట్టాడు. ఇంతే చెప్పాలనుకున్నాను. చెప్పాను. భుజాలు తేలికయ్యాయని అనను. మూట మాత్రం అరుగు మీదికి దిగింది. మీరూ చూస్తున్నారు.

సునీతా, ఇంతసేపూ నేను చెబుతూ పోయాను, నువ్వు రాస్తూ పోయావు. మధ్యలో రెండు మూడుసార్లు నీ కలం ఆగింది. అత్త కదా అని ఎక్కడైనా మెత్తగా రాశావేమో, ఏ ముక్కయినా వదిలేశావేమో నాకు తెలియదు. కాగితం చూస్తే నాకేం తెలుస్తుంది? నువ్వు ఏది చెబితే అదే.

మొదటి నుంచి చదువు తల్లీ. ఉన్నది ఉన్నట్టు చదువు.